అప్పగించినంత మాత్రాన బాధ్యత తీరదు

తల్లిదండ్రుల సేవ గురించి జుమా ప్రసంగాల్లో మనం వినని సంవత్సరం ఉండదు. దివ్య ఖుర్ఆన్ 17వ అధ్యాయం బనీ ఇస్రాయీల్‌లోని 23, 24 ఆయతులు మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా పరిచయమే. తనను తప్ప మరెవరినీ ఆరాధించవద్దని ఆజ్ఞాపించిన వెంటనే అల్లాహ్ తల్లిదండ్రుల పట్ల మంచిగా మెలగమని ఆదేశించాడు. వారి ఎదుట విసుగుతో చిన్న శబ్దం కూడా చేయరాదన్నాడు. అయితే ఆ ఆయతులో ఒక మాట మీద మన దృష్టి అంతగా నిలవదు. అరబీలో అక్కడ 'ఇందక' అనే పదం ఉంది. 'నీ దగ్గర' అని దాని అర్థం. అంటే, తల్లిదండ్రుల ముసలితనం బిడ్డల దగ్గర, బిడ్డల కళ్లెదుట గడుస్తుందన్నదే ఆ ఆదేశం వెనుక ఉన్న భావన.

మరి కళ్లెదుట ఉంచుకోలేని పరిస్థితి వస్తే ఏం చేయాలి? ఈ ప్రశ్నను మనం బహిరంగంగా అడగం. అడగడానికి సిగ్గుపడతాం. ఆ సిగ్గు మన పెద్దలకు ఎంత కీడు చేస్తున్నదో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన పల్లెల పరిస్థితి

సి.బెళగల్, కోడుమూరు, గోనెగండ్ల, ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతాల్లో బతుకు ఎలా ఉందో పాఠకులకు వేరే చెప్పనక్కర లేదు. వాన కురిస్తే పత్తి, వేరుశనగ. కురవకపోతే మూటాముల్లె సర్దుకుని సుగ్గికి పోవడం. గుంటూరు మిరప చేలకు కొందరు, బెంగళూరు కట్టడం పనులకు కొందరు, హైదరాబాదుకు, ముంబైకి కొందరు పోతారు. పెళ్లాం బిడ్డలతో సహా వెళ్లిపోయిన ఇంట్లో మిగిలేది ఒక ముసలి దాదీ, లేదా ఒక జేజినాయన. చేతనైనన్నాళ్లు వాళ్లే వండుకుంటారు. పక్కింటివాళ్లు ఒక రొట్టె, ఇంత పప్పు పెడతారు. ఈ సాయం చిన్నది కాదు. అల్లాహ్ దగ్గర దానికి గొప్ప ప్రతిఫలం ఉంటుంది.

కాని పక్షవాతం వచ్చి మంచం పట్టిన మనిషిని పక్కింటివాళ్లు ఎన్నాళ్లు చూడగలరు? మతిమరుపు ముదిరి, అర్ధరాత్రి తలుపు తీసుకుని కాలువ గట్టుకు నడిచిపోయే ముసలాయనకు కాపలా ఎవరు? ఇంట్లో ఉన్న ఒక్క కోడలు పసిపిల్లలను చూసుకుంటూ, కూలికి పోతూ, బరువైన మనిషిని రోజుకు పదిసార్లు లేపి పడుకోబెట్టగలదా? ఆ కోడలిని తప్పుపట్టడం సులువు. ఆమె నడుము నొప్పి మనకు కనబడదు.

భారతదేశంలో 60 ఏళ్లు దాటినవారు 2011 జనాభా లెక్కల ప్రకారం 10 కోట్ల 38 లక్షలు. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023లో విడుదల చేసిన నివేదిక అంచనా ప్రకారం 2050 నాటికి వారు దాదాపు 34 కోట్ల 70 లక్షలకు చేరతారు. అంటే ప్రతి ఐదుగురిలో ఒకరు. పిల్లల సంఖ్య తగ్గింది, వలసలు పెరిగాయి, ఆయుర్దాయం పెరిగింది. ఇటువంటప్పుడు కొన్ని కుటుంబాలకు వృద్ధాశ్రమం తప్పనిసరి అవుతుంది. 'మన ముస్లింలలో అలాంటివి లేవు' అనుకోవడం వల్ల అవసరం పోదు. అది చాటుకు పోతుంది, అంతే.

'లోగ్ క్యా బోలేంగే' అన్న భయం ఎలా పనిచేస్తుందో చూడండి. తండ్రిని ఆశ్రమంలో చేర్చాలనుకున్న కొడుకు దగ్గరలో చేర్చడు. ఊరివాళ్లకు తెలియని దూరపు పట్నం వెతుకుతాడు. అడిగినవాళ్లకు 'చెల్లెలి ఇంట్లో ఉన్నాడు' అంటాడు. తరచుగా పోయి వస్తే గుట్టు బయటపడుతుంది కాబట్టి పోవడం తగ్గిస్తాడు. నెలనెలా డబ్బు పంపుతాడు. ఫోను చేసి 'ఖైరియత్ హై నా' అని అడుగుతాడు. వార్డెన్ పక్కన నిలబడి ఉండగా ఏ ముసలి తండ్రి మాత్రం 'నేను బాగాలేను' అంటాడు? ఇలా ఎవరూ అడుగుపెట్టని చోటనే మనుషులు హీనంగా మారిపోతారు.

జరిగిన సంగతులు

ఇది ఊహ కాదు. 2020 జనవరిలో హైదరాబాదు శివారు కీసర దగ్గరి నాగారంలో, వృద్ధాశ్రమం పేరుతో అనుమతి లేకుండా నడుస్తున్న ఒక చోటి నుంచి పోలీసులు 73 మందిని విడిపించారు. వృద్ధులనూ, మానసిక రోగులనూ ఇరుకు గదుల్లో కుక్కి, గొలుసులతో కట్టి, కొట్టినట్లు ఆనాడు పత్రికలన్నీ రాశాయి. ఈ సంగతి బయటికి వచ్చింది పొరుగు ఇళ్లవాళ్లకు లోపలి అరుపులు వినబడినందువల్ల. ఇక్కడ ఆగి ఆలోచించాలి. లోపల ఉన్నవారు అనాథలు కారు. వారి కోసం నెలనెలా వేల రూపాయలు కట్టే కుటుంబాలు ఉన్నాయి. డబ్బు కట్టేవారికి తెలియని విషయం, గోడ అవతలివారికి తెలిసింది.

పందొమ్మిదేళ్ల ముందు జరిగిన మరో ఘటన మనకు ఇంకా దగ్గరిది. తమిళనాడు రామనాథపురం జిల్లాలోని ఏర్వాడి దర్గా చుట్టూ మానసిక రోగుల కోసం ప్రైవేటు వసతి గృహాలు వెలిశాయి. దర్గాలో ఉంటే నయమవుతుందన్న నమ్మకంతో కుటుంబాలు తమవారిని అక్కడ వదిలి వచ్చేవి. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున వాటిలో ఒక పూరిపాకకు నిప్పంటుకుంది. లోపలివారు గొలుసులతో కట్టివేయబడి ఉన్నారు. పారిపోలేక 28 మంది సజీవంగా కాలిపోయారు. ఆ తర్వాత సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. ప్రభుత్వం అటువంటి గృహాలను మూసివేసి ఐదు వందలకు పైగా రోగులను తన సంరక్షణలోకి తీసుకుంది. పవిత్ర స్థలం పక్కన ఉన్నంత మాత్రాన ఒక గృహం సురక్షితం కాదు. గడ్డం ఉన్నవాడు, టోపీ పెట్టుకున్నవాడు నడిపినంత మాత్రానా కాదు. తలుపుకు తాళం వేసి ఉందా, నిప్పు పుడితే బయటపడే దారి ఉందా అన్నది కళ్లతో చూసి తెలుసుకోవలసిన సంగతి.

సంపన్న దేశాల్లో ఇవి జరగవని భ్రమపడనక్కర లేదు. 2020 మార్చిలో కరోనా వ్యాపించినప్పుడు స్పెయిన్‌లో వృద్ధాశ్రమాలను శుద్ధి చేయడానికి వెళ్లిన సైనికులకు, దిక్కులేక పడి ఉన్న వృద్ధులు, మంచాల మీదనే చనిపోయి ఉన్నవారు కనిపించారని ఆ దేశ రక్షణ మంత్రి స్వయంగా ప్రకటించారు. భవనాలకు లోటు లేని దేశమది. ఆ రోజుల్లో లోపలికి వెళ్లి చూసే కళ్లు కరువయ్యాయి.

కాపరి జవాబుదారీ

మీలో ప్రతి ఒక్కరూ కాపరే, తన మంద గురించి ప్రతి ఒక్కరూ జవాబు చెప్పుకోవలసిందే అన్న భావం గల దైవప్రవక్త (స) ప్రవచనం బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉంది. గొర్రెల మందలు తిరిగే మన సీమలో దీనిని వివరించనక్కర లేదు. వానలు లేని కాలంలో మందను దూరప్రాంతపు మేతకు కూలి కాపరితో తోలించిన రైతు నిశ్చింతగా నిద్రపోతాడా? పదిహేను రోజులకొకసారి వెళ్లి తలలు లెక్కపెట్టుకుంటాడు. కుంటుతున్నదాన్ని, ఎండిపోయినదాన్ని చేత్తో తడిమి చూస్తాడు. గొర్రెకు చేసే ఈ మాత్రం పని కన్నతండ్రికి చేయకపోతే ప్రళయ దినాన ఏమని సమాధానం చెబుతాం?

హజ్రత్ ఉమర్ (రజి) కాలంనాటి ఒక ఉదంతాన్ని ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) తన 'కితాబుల్ ఖరాజ్'లో నమోదు చేశారు. ఖలీఫా ఒక ఇంటి గుమ్మం ముందు బిచ్చమడుగుతున్న ముసలి అంధుడిని చూశారు. అతను యూదుడు. జిజియా పన్ను కట్టలేక, ముసలితనంలో పని చేయలేక అడుక్కుంటున్నానన్నాడు. ఉమర్ (రజి) అతని చేయి పట్టుకుని తన ఇంటికి తీసుకుపోయి ఉన్నదేదో ఇచ్చారు. తరువాత బైతుల్ మాల్ అధికారిని పిలిపించి, ఇతనినీ, ఇతని వంటివారినీ గమనించమని ఆదేశించారు. యవ్వనంలో అతని చేత పన్ను కట్టించుకుని ముసలితనంలో వదిలేయడం న్యాయం కాదన్నారు. పన్ను నుంచి అతనిని మినహాయించారు. ఈ ఉదంతాన్ని మనం దయాగుణానికి ఉదాహరణగా చెప్పుకుంటాం. కాని అందులో మరొక పాఠం ఉంది. ఖలీఫా స్వయంగా వీధిలో తిరిగి చూడబట్టే ఆ ముసలివాడు కంటపడ్డాడు.

ఆ సంప్రదాయమే తరువాతి కాలంలో సంస్థలుగా నిలిచింది. 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన ఆసుపత్రిలో స్త్రీలకు, పురుషులకు వేర్వేరు విభాగాలుండేవి. దాని ఖర్చులకు వక్ఫ్ ఆస్తుల ఆదాయాన్ని కేటాయించారు. పుణ్యకార్యం కదా అని ఇటువంటి పనులను ఎవరి ఇష్టానికి వారికి వదిలేయలేదు. నగరాల్లో ముహ్తసిబ్ అనే అధికారి ఉండేవాడు. బజారులో తూకాలు చూసినట్లే వైద్యుల పనినీ, మందులమ్మేవారి సరుకునూ చూసేవాడు. 12వ శతాబ్దపు పండితుడు అష్షైజరీ రాసిన హిస్బా గ్రంథంలో వీరి తనిఖీ కోసం ప్రత్యేక ప్రకరణాలే ఉన్నాయి. సేవ చేసేవాడిని తనిఖీ చేయడం అతనిని అనుమానించడమని మన పూర్వులు అనుకోలేదు. బలహీనుడికి అది రక్షణ అనుకున్నారు.

వెళ్లినప్పుడు ఏం చూడాలి?

చాలామంది ఆశ్రమానికి వెళ్లి హాలులో కూర్చుని, చాయ్ తాగి, పండ్లిచ్చి వస్తారు. హాలు ఎప్పుడూ శుభ్రంగానే ఉంటుంది. చూడవలసినవి వేరే ఉన్నాయి.

మొదట స్నానాల గది, వుజూ చేసే చోటు చూడండి. ముసలివారు ఎక్కువగా జారిపడేది తడి నేల మీదనే. ఫజర్ వేళ చీకట్లో, నిద్రమత్తులో, నీళ్లు నిలిచిన నున్నటి బండల మీద వుజూకు వెళ్లి పడిపోయిన పెద్దల గురించి మనం వింటూనే ఉన్నాం. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే మళ్లీ లేచి నడవడం చాలామందికి సాధ్యం కాదు. గరుకు నేల ఉందా, గోడకు పట్టుకునే కడ్డీ ఉందా, కూర్చుని వుజూ చేయడానికి తగిన ఎత్తులో పీట ఉందా, రాత్రంతా దీపం వెలుగుతుందా చూడండి. ఇవన్నీ కలిపినా పెద్ద ఖర్చు కాదు.

రెండవది, నీళ్లు. వయసు మీద పడినకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. అడిగి తాగించాలి. కొన్నిచోట్ల రాత్రి పక్క తడుపుతారని ఆయాలే నీళ్లు తగ్గిస్తారు. మరికొన్నిచోట్ల మన పెద్దలే వుజూ పోతుందని, బట్టలు నాపాక్ అవుతాయని సాయంత్రం నుంచి నీళ్లు మానేస్తారు. దాని ఫలితం మూత్రంలో ఇన్ఫెక్షన్, తల తిరగడం, మతి తప్పడం. మూత్రం ఆగని వ్యాధి ఉన్నవారిని షరీఅత్ 'మాజూర్'గా పరిగణించి సడలింపు ఇచ్చిందనీ, ప్రతి నమాజు వేళకు ఒక వుజూ చేసుకుంటే హనఫీ మజ్హబ్ ప్రకారం వారి నమాజు చెల్లుతుందనీ ఆ పెద్దలకు చెప్పేవారుండాలి. లేవలేనివారికి కూర్చునీ, కూర్చోలేనివారికి పడుకుని సైగలతోనూ నమాజు ఉంది. నీళ్లు హాని చేసేవారికి తయమ్ముమ్ ఉంది. ఉపవాసం ఉండలేని ముసలివారికి ఫిద్యా ఉంది. చక్కెర వ్యాధికి సూది వేసుకునే పెద్దాయన రమజానులో పట్టుదలతో రోజా ఉంటానంటే, వైద్యుడి మాటతో పాటు ఒక ఆలిమ్ మాట కూడా ఆయనకు వినిపించాలి.

మూడవది, శరీరం. మంచం పట్టినవారిని దాదాపు రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. అలా చేయకపోతే నడుము కింద, తుంటి మీద, మడమల మీద చర్మం ఎర్రబడి, నల్లబడి పుండ్లు పడతాయి. అవి ఎముక దాకా పోయి ప్రాణం తీయగలవు. ముఖం చూసి 'బాగానే ఉన్నాడు' అనుకోవద్దు. దుప్పటి తీసి మడమలు చూడండి. మణికట్టు మీద కట్టిన గుర్తులున్నాయా చూడండి. తల్లి విషయంలో ఈ పని కూతురో కోడలో చేయాలి. స్త్రీలకు స్నానం చేయించేది స్త్రీలేనా అని తప్పక అడగాలి. ముసలితనం వచ్చినంత మాత్రాన మనిషికి సత్ర్ లేకుండా పోదు. ఎనభై ఏళ్ల తల్లికి కూడా తన పరదా, తన సిగ్గు ఉంటాయి.

నాలుగవది, మందులు. ఎవరికి ఏ మాత్ర, ఏ వేళ, ఎవరు ఇచ్చారన్నది కాగితం మీద ఉండాలి. ఎప్పుడు వెళ్లినా మీ నాన్న నిద్రమత్తులోనే ఉంటే, నిద్రమాత్రలు ఇస్తున్నారా అని అడగండి. పని తగ్గించుకోవడానికి ముసలివారిని నిద్రపుచ్చడం కూడా ఒక రకంగా కట్టివేయడమే. ఆ మత్తులో లేచి నడిస్తే పడిపోయే ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఐదవది, ఎండ, నిప్పు, నీరు. మన జిల్లా ఎండలు తెలిసినవే. 2015 మే నెలలో వడగాడ్పులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా చనిపోయారు. 2003 వేసవిలో ఫ్రాన్సులో ఎండలకు చనిపోయిన దాదాపు 15 వేల మందిలో అత్యధికులు వృద్ధులే. రేకుల గది కింద మంచం ఉంటే మేలో అది కొలిమి. రాత్రి తలుపులకు తాళం వేస్తారా, వేస్తే తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది, ఆ మనిషి లోపలే పడుకుంటాడా అని అడగండి. ఏర్వాడిని గుర్తుంచుకోండి. తుంగభద్ర ఒడ్డున బతికే మనం 2009 అక్టోబర్ 2ను కూడా మరచిపోరాదు. ఆనాడు కర్నూలు నగరం మునిగినప్పుడు కాళ్లున్నవారు మిద్దెలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. మంచం మీదున్న మనిషిని పైకి మోసేందుకు ఆశ్రమంలో ఎంతమంది ఉంటారు? రాత్రి వేళ ఒక్క ఆయాతో ముప్పై మందిని నడిపే చోట ఈ ప్రశ్నకు జవాబుండదు.

చివరగా తిండి, డబ్బు. పళ్లు లేనివారికి ఎండిన జొన్న రొట్టె పెట్టి 'తినడం లేదు' అని రాసుకోవడం అన్యాయం. మెత్తటి సంగటి, నానబెట్టిన రొట్టె పెట్టవచ్చు. భోజనం వేళకే వెళ్లి పళ్లెంలో ఏముందో చూడండి. పింఛను సొమ్ము ఎవరి చేతికి వస్తున్నది, వేలిముద్ర వేయించుకుని ఎవరు తీసుకుంటున్నారు అన్నదీ తెలుసుకోండి. వేలిముద్ర వేసే ముసలితల్లికి, ఆ వేలు దేనికి వేసిందో తెలియాలి.

ఇవన్నీ చూడాలంటే చెప్పాపెట్టకుండా వెళ్లాలి. పెద్దలతో ఒంటరిగా పది నిమిషాలు మాట్లాడాలి. బంధువులు ఎప్పుడు వచ్చినా రానిచ్చే ఆశ్రమం మంచిదనడానికి అదే మొదటి గుర్తు. 'ఫోను చేసి రండి, ఆదివారమే రండి' అనే చోట జాగ్రత్తపడండి. అదే సమయంలో మంచిగా చూసుకునే ఆయాను ఊరికే వదలకండి. పేరు పెట్టి పిలవండి, షుక్రియా చెప్పండి. చాలీచాలని జీతానికి ఇతరుల తల్లిని కడిగే స్త్రీకి మన గౌరవం దక్కాలి. ఆమెకు నిద్ర, సెలవు, తగిన జీతం ఇవ్వని యాజమాన్యాన్ని ప్రశ్నించడం కూడా మన పెద్దలను కాపాడుకోవడంలో భాగమే.

చట్టం ఏమంటున్నది?

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. మన రాష్ట్రంలో దీనికి 2011లో నియమావళి చేశారు. తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రులు ఆర్డీవో స్థాయి అధికారి అధ్యక్షత వహించే ట్రిబ్యునల్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. నెలకు 10 వేల రూపాయల దాకా పోషణ ఖర్చు ఇప్పించే అధికారం ఆ చట్టంలో ఉంది. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలని గడువు కూడా ఉంది. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూడకపోతే, 23వ సెక్షన్ కింద ఆ బదిలీని రద్దు చేయించవచ్చు. చూడవలసిన వృద్ధుడిని పూర్తిగా వదిలించుకునే ఉద్దేశంతో ఎక్కడైనా విడిచిపెడితే మూడు నెలల దాకా జైలు, లేదా 5 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. దూరపు ఆశ్రమంలో చేర్చి, చిరునామా మార్చుకుని మాయమైపోయేవారు ఇది గుర్తుంచుకోవాలి.

పేద వృద్ధుల కోసం ప్రభుత్వాలు ప్రతి జిల్లాలో కనీసం ఒక ఆశ్రమమైనా నెలకొల్పవచ్చునని అదే చట్టం చెబుతున్నది. వాటి ప్రమాణాలకు కేంద్రం రూపొందించిన నమూనా నియమాల్లో, పడకగదిలో ఒక్కొక్కరికి కనీసం 7.5 చదరపు మీటర్ల చోటుండాలని ఉంది. స్త్రీలకు, పురుషులకు వేరు వసతి, వికలాంగులు వాడగల మరుగుదొడ్లు, ఏటవాలు దారులు, పట్టుకునే కడ్డీలు, జబ్బుపడినవారికి ప్రత్యేక గది, ప్రథమ చికిత్స ఏర్పాట్లు ఉండాలని ఉంది. ప్రైవేటు ఆశ్రమాన్ని చూసేటప్పుడు కూడా ఈ కొలతలను మనసులో పెట్టుకుని వెళ్లవచ్చు.

అయితే ప్రైవేటు ఆశ్రమాలన్నిటికీ రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు తప్పనిసరి చేస్తూ 2019 డిసెంబర్‌లో లోక్‌సభలో ప్రవేశపెట్టిన సవరణ బిల్లు చట్టం కాలేదు. 2024లో 17వ లోక్‌సభ రద్దు కావడంతో ఆ బిల్లు మురిగిపోయింది. కనుక సర్కారు కన్ను ఎప్పుడూ కాపలా ఉంటుందని అనుకోలేం. మన కన్ను తప్పదు. ఎక్కడైనా వృద్ధులను హింసిస్తున్నారని తెలిస్తే 14567 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. ఇది వృద్ధుల కోసమే దేశమంతటా నడుస్తున్న సహాయ కేంద్రం.

జకాత్ డబ్బుతో ఫీజు కట్టవచ్చా?

మదరసాలో చదువు చెప్పుకునే మా వంటివారిని తరచుగా అడిగే ప్రశ్న ఇది. 'అబ్బా ఆశ్రమం ఫీజు నా జకాత్ నుంచి కట్టవచ్చునా?' కట్టరాదు. పేద తల్లిదండ్రుల పోషణ స్తోమత గల కొడుకుల మీదా, కూతుళ్ల మీదా వాజిబ్. తన మీద ఉన్న బాకీని జకాత్‌తో తీర్చుకోవడం చెల్లదు. అందుకే తల్లిదండ్రులకు, తాతముత్తాతలకు జకాత్ ఇవ్వరాదని ఫిఖ్హ్ పండితులు చెప్పారు. ఆశ్రమం భవనం కట్టడానికీ హనఫీ మజ్హబ్ ప్రకారం జకాత్ పనికిరాదు. జకాత్ అర్హుడి చేతికి, అతని సొంతంగా అందాలి. భవనాలకు సదఖా, వక్ఫ్ ఉన్నాయి. పరాయి పేద వృద్ధుడికి మందుల కోసం, బట్టల కోసం జకాత్ సొమ్మును అతని సొంతం చేస్తూ ఇవ్వవచ్చు. ఎవరికి ఏ సొమ్ము అన్నది తెలియకపోతే దగ్గరి ముఫ్తీని అడిగి చేయడం మేలు.

జమాఅత్ చేయగల పని

ప్రతి మండలంలో ఆశ్రమం కట్టే స్తోమత మనకు లేదు. అది అంత అవసరం కూడా కాదు. మస్జిద్ కమిటీలు పైసా ఖర్చు లేకుండా చేయగల పనులున్నాయి.

తమ మహల్లా నుంచి ఏ పెద్దలు ఏ ఆశ్రమంలో ఉన్నారో అడిగి తెలుసుకోవాలి. నిందించడానికి అడగకూడదు. చూడటానికి అడగాలి. నెలకొకసారి ఇద్దరు పురుషులు, ఇద్దరు స్త్రీలు వంతుల వారీగా వెళ్లి రావాలి. కర్నూలుకు పని మీద పోయేవారు రోజూ ఉంటారు. ఒక పూట అటు వెళ్లి రావడం కష్టం కాదు. సుగ్గికి పోయే కుటుంబాలు తమ ముసలివారి పేరు, మందుల చీటీ, తమ ఫోను నంబరు ఇమామ్ సాహెబ్ దగ్గర రాసి పెట్టి పోతే, వీధివాళ్లు రోజూ ఒకసారి తలుపు తట్టవచ్చు. ఈ మాత్రం ఆసరా ఉంటే కొందరు పెద్దలు ఆశ్రమానికి పోకుండా తమ గడపలోనే ఉండగలుగుతారు. ఇక ఆశ్రమంలో చేర్చక తప్పనివారు దగ్గరలో చేర్చాలి, చెప్పి చేర్చాలి. చెప్పుకున్న కుటుంబాన్ని ఊరు వేలెత్తి చూపకూడదు. మనం ఎగతాళి మానితేనే వారు దాచడం మానుతారు. వారు దాచడం మానితేనే అక్కడి పెద్దల మీద పదిమంది కళ్లు నిలుస్తాయి.

ఈ కాపలా ముస్లిం పెద్దలకే పరిమితం కారాదు. హజ్రత్ ఉమర్ (రజి) చేయి పట్టుకుని తీసుకుపోయిన ముసలివాడు యూదుడన్నది మరవవద్దు. మన దాదీని చూడటానికి వెళ్లినప్పుడు పక్క మంచం మీద ఎల్లమ్మవ్వ ఉంటే ఆమె మడమలూ చూడాలి, ఆమె చెంబులో నీళ్లున్నాయో లేదో చూడాలి. ఆమె కొడుకు కూడా ఏ బెంగళూరులోనో ఇటుకలు మోస్తూ ఉంటాడు.

మన వంతు కూడా దూరంలో లేదు. ఈ రోజు మనం తల్లిదండ్రులకు ఏర్పరచే పద్ధతే రేపు మనకు మన పిల్లలు ఏర్పరుస్తారు. చిన్నతనంలో మనలను ఎత్తి పెంచిన చేతులు ఈనాడు వణుకుతున్నాయి. ఆ చేతులు ఎక్కడ ఉన్నా, వాటిని మనం స్వయంగా పట్టుకుని చూసి ఎన్ని రోజులైందో ఈ జుమా నాడు ప్రతి ఒక్కరం లెక్క వేసుకుందాం. పెద్దల అమానతును కాపాడే శక్తిని, వారి ముఖం చూసినప్పుడు విసుగు రాని మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.